విశాఖలో ఇద్దరే, రెండు రోజులే

శీతాకాలం దగ్గరపడేసరికి ఈ శీర్షికకు విశాఖ ఉత్తరాలు పెరిగాయి. రాసినవాళ్లలో కొత్త దంపతులున్నారు, పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో దించి రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది అడిగిందొకటే: తిరుగుడు తక్కువ, విశ్రాంతి ఎక్కువ కావాలి, తినేది హలాల్ (ఇస్లాం ప్రకారం తినదగినది) అయి ఉండాలి. ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపేసి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాకు పెళ్లయి నాలుగు నెలలు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి సోమవారం పొద్దున ఆఫీసులకు చేరాలి. చూడాల్సినవి వెతికితే పద్నాలుగు తేలాయి. ఏది ముందు, ఏది వెనక? – ఒక జంట, టోలిచౌకి

జవాబు: పద్నాలుగింటిలో పది కొట్టేయండి. విశాఖలో దూరాలు కంటికి కనిపించినట్టు ఉండవు. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి పక్క డాల్ఫిన్ నోస్ కొండ ఇంతలోనే ఉన్నట్టుంటుంది. దాని వెనకున్న యారాడ బీచ్‌కు వెళ్లాలంటే మాత్రం మధ్యలో హార్బరు అడ్డం. సింధియా మీదుగా పోర్టును చుట్టి, కొండెక్కి, అవతలికి దిగాలి. పదిహేను కిలోమీటర్ల పైమాటే, అదీ లారీల మధ్య. ఉత్తరం వైపు అలా కాదు. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ ఒకే తీరపు రోడ్డు మీద వరసగా వస్తాయి. అందుకని రెండు రోజులే ఉన్నవాళ్లకు మా సలహా: యారాడను ఈసారికి వదిలేయండి. ఒకరోజు ఊళ్లో, ఒకరోజు ఉత్తరాన.

శనివారం పొద్దున రైలు దిగగానే తగిలే మొదటి చిక్కు గది. రాత్రి రైళ్లు చాలావరకు ఆరేడు గంటల లోపే దింపేస్తాయి, హోటళ్లేమో మధ్యాహ్నం పన్నెండుకు గానీ తాళం ఇవ్వవు. బుక్ చేసేటప్పుడే '24 గంటల చెకిన్' ఉన్న హోటల్ చూసుకోండి, లేదా పొద్దున్నే గది ఇవ్వడానికి ఎంత అదనమో అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్‌లో "చూద్దాం సార్" అన్న మాటకు రిసెప్షన్‌లో విలువుండదు. రెండూ కుదరకపోతే, టికెట్ పీఎన్ఆర్ మీద స్టేషన్ రిటైరింగ్ రూమ్ కొన్ని గంటలకు తీసుకోవచ్చు. సామాను క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే ప్రతి సంచికీ తాళం ఉండాలి, జిప్పుకు పిన్నీసు పెడితే ఒప్పుకోరు. ఇంకో జాగ్రత్త: కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటే వెళ్లిపోతాయి. టికెట్ మీద దువ్వాడ అని ఉంటే ఊళ్లోకి ఇంకో గంట వేసుకోండి.

ఆ మధ్యాహ్నం దాకా ఏ పనీ పెట్టుకోకండి. టిఫిన్, స్నానం, నిద్ర. మూడింటికి బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి చూడొచ్చు. సోవియట్ తయారీ, 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటి ఏడు నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవు, లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాలు. వంగి, కాలెత్తి దాటాలి, కాబట్టి చీర కుచ్చిళ్లు, పొడవాటి అబాయా కాస్త పైకి పట్టుకోవాల్సి వస్తుంది. ఎదురుగానే టీయూ-142 యుద్ధవిమానం. సోమవారం కురుసురకు సెలవు, జూకూ అంతే. వారం మధ్యలో ప్రయాణం పెట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి.

నాలుగున్నరకల్లా కైలాసగిరి ఎక్కేయండి. కింద బీచ్ రోడ్డు నుంచి రోప్‌వే ఉంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, అప్పుడు ఆటోలో ఘాట్ రోడ్డే గతి. చాలామంది ఇక్కడే నిరాశపడతారు: సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడనుకుని వస్తారు. మనది తూర్పు తీరం, ఉదయమే సముద్రం మీద, అస్తమయం కొండల వెనక. కైలాసగిరి మీద చూడాల్సింది అస్తమయం తర్వాతి పావుగంట. వంపు తిరిగిన తీరం వెంట దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. తేదీలు మీ చేతిలో ఉంటే పున్నమి చూసుకోండి. ఆ సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోయే వేళకే చంద్రుడు సముద్రంలోంచి పైకొస్తాడు. హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన) నెల 14, 15 తేదీలన్నమాట. మరుసటి రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, అయినా రాత్రి భోజనం ముందు చూసేయొచ్చు.

ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడక. ఆ వేళ నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపుతారు, రోడ్డు మొత్తం మీదే. తొమ్మిదింటికి గది ఖాళీ చేసి, సామాను హోటల్లోనే వదిలి, ఉత్తరానికి బయల్దేరండి. రోజంతటికీ ఒక కారో ఆటోనో మాట్లాడుకుంటే సుఖం. డబ్బు ఆదా కావాలంటే 900కె సిటీ బస్సు తీరం వెంటే భీమిలి వెళ్తుంది. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా పర్యాటకుల కోసం రెండంతస్తుల బస్సులూ ఉన్నాయి. పైఅంతస్తు ఎండ పడని పూటే బాగుంటుంది. ముందు నేరుగా భీమిలి వెళ్లిపోయి, వెనక్కి వస్తూ ఒక్కొక్కటే చూడండి. అలా అయితే మధ్యాహ్నం మూడున్నరకల్లా ఊళ్లో ఉంటారు. అందరిలాగా వెళ్తూ ఆగుతూ పోతే ఆదివారం సాయంత్రం తిరుగు దారిలో రుషికొండ, ఆర్కే బీచ్‌ల మధ్య బండ్ల వరసలో ఇరుక్కుని, గడియారం చూసుకుంటూ రైలు గురించి గొడవపడతారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏ హోటల్లోనైనా అడక్కుండా తినేస్తాం. విశాఖలో "హలాలేనా" అంటే అందరూ "అవునండీ" అనే అంటున్నారట. నిజం ఎలా తెలుస్తుంది? – షేక్ ఎం., సూర్యాపేట

జవాబు: "హలాలేనా" అని అడగడమే పొరపాటు. వడ్డించే కుర్రాడికి ఆ మాట 'మంచిదేనా, తాజాయేనా' అన్నట్టు వినిపిస్తుంది, అవునంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. ప్రశ్న మార్చండి. "చికెన్ ఏ కొట్టు నుంచి వస్తుంది? మటన్ ఏ కొట్టు నుంచి? కోసేది ముస్లింలేనా?" అని విడివిడిగా అడగండి. రెండింటినీ వేరుగా అడగడం ముఖ్యం, ఎందుకంటే మటన్ ముస్లిం కసాయి దగ్గర తెచ్చి, చికెన్ మాత్రం ఇంకెక్కడో టోకున కొనే హోటళ్లుంటాయి. కొట్టు పేరు వెంటనే చెప్పగలిగితే సగం నమ్మకం. "మేనేజర్‌ను అడిగి చెబుతా" అన్నా మంచిదే. "అన్నీ హలాలే మేడమ్" అని గబగబా అనేసి ఇంకే వివరమూ చెప్పలేకపోతే అక్కడ పప్పు, చేపతో సరిపెట్టుకోండి.

అడిగే వేళ కూడా చూసుకోవాలి. పొద్దున పదకొండు, సాయంత్రం నాలుగు. అప్పుడు వంటగదికి కాస్త తీరిక. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తే ఎవరూ నిజం కనుక్కుని చెప్పే స్థితిలో ఉండరు. బయల్దేరే ముందే మూడు చోట్లకు ఫోన్ చేసి రెండు తేల్చుకోండి, అక్కడికి వెళ్లాక ఆకలితో వెతకడం మొదలుపెడితే ఏదో ఒకదానికి రాజీ పడతారు.

గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతుంటే మూడు సంగతులు చదవండి: ఇచ్చింది ఎవరు, ఎవరి పేరున, ఎప్పటిదాకా. మన దేశంలో హోటళ్లకు హలాల్ పత్రం ప్రభుత్వం ఇవ్వదు. జమీయత్ ఉలమా-ఎ-హింద్ హలాల్ ట్రస్ట్, హలాల్ ఇండియా లాంటి ప్రైవేటు సంస్థలే ఇస్తాయి. ఒక్కోసారి ఆ పత్రం చికెన్ సరఫరా చేసే కంపెనీది అయి ఉంటుంది, అప్పుడది ఆ చికెన్‌కే వర్తిస్తుంది, మటన్‌కు కాదు. ఫుడ్ యాప్‌లో కనిపించే 'హలాల్' మాట హోటల్ వాళ్లు తమకు తాము పెట్టుకున్నదై ఉండొచ్చు, దాన్నే రుజువు అనుకోకండి.

ఎక్కడ వెతకాలంటే, జగదాంబ సెంటర్, పూర్ణా మార్కెట్, పాతనగరం వైపు. ముస్లింలు నడిపే బిర్యానీ హోటళ్లు, మాంసం కొట్లు అటువైపు దొరుకుతాయి. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ కొన్ని మూసేస్తారు, ఒంటిగంటకు వెళ్లి తలుపు ముందు నిలబడొద్దు. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లేకొద్దీ ఇలాంటివి తగ్గిపోతాయి. రుషికొండ రిసార్టులో దిగి జగదాంబ నుంచి యాప్‌లో తెప్పించుకుందామనుకుంటే, దూరం ఎక్కువై ఆ హోటల్ పేరే మీ ఫోన్‌లో కనిపించకపోవచ్చు. అందుకే తిండి ముఖ్యమైనవాళ్లు సముద్రం వ్యూ కోసం ఊరవతల గది తీసుకోవడం కంటే ఆర్కే బీచ్, జగదాంబల మధ్య ఉండటం మేలు.

ఇంతా చేసి కోత సరిగ్గా ఉన్నా వంటగదిలో తప్పేవి కొన్ని ఉన్నాయి. ఇవి చాలామందికి తట్టవు.

మొదటిది ఎగ్ బిర్యానీ. "మాంసం అనుమానంగా ఉంది, గుడ్డు బిర్యానీ తింటాం" అంటారు. చాలా హోటళ్లలో గుడ్డు బిర్యానీ అంటే చికెన్ దమ్ములోంచి తీసిన అన్నం, పైన ఉడికిన గుడ్డు. 'ప్లెయిన్ బిర్యానీ', 'కుష్కా' అన్నా అదే. మాంసం హలాల్ కాకపోతే ఆ అన్నమూ కాదు. వెజ్ బిర్యానీ అయినా దమ్ము విడిగా పెట్టారా, లేక దమ్ములోంచి తీసిన అన్నంలోనే కూరగాయలు కలిపారా అని అడగండి.

రెండోది నూనె. బీచ్‌లో బండి మీద వేయించిన చేప చూస్తే నోరూరుతుంది. చేపకు జబీహా (మతపద్ధతిలో కోత) అక్కర్లేదు కదా అని తినేస్తారు. అదే బాణలిలో అంతకుముందు చికెన్ పకోడీ వేసుంటారు. పెనం మీద విడిగా కాల్చే బండి చూసుకోండి, లేదా ఉడికించిన మొక్కజొన్న, మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీతో సరిపెట్టుకోండి. బజ్జీ బాణలి కూడా బజ్జీలకే వాడుతున్నారా అని ఒక చూపు.

మూడోది సూప్. కూరగాయల సూప్‌లోనూ చికెన్ స్టాక్ పొడి వేసే చోట్లుంటాయి, చైనీస్ వంటకాల దగ్గర మరీనూ.

నాలుగోది హోటల్ బ్రేక్‌ఫాస్ట్. బఫేలో సాసేజ్, బేకన్ ఉన్నప్పుడు వాటి పటకారు పక్క గిన్నెల్లోకీ తిరుగుతుంటుంది. ఆమ్లెట్ కొత్త పెనం మీద వేయించమంటే వేస్తారు. ఇడ్లీ, పెసరట్టు, పూరీలతో ముగించే వీలుంటే ఏ గొడవా లేదు. ఊళ్లో శుద్ధ శాకాహార టిఫిన్ హోటళ్లకు లోటు లేదు, పొద్దునపూట వాటికే వెళ్లండి.

ఐదోది తీపి. మూస్, పన్నాకోటా, చీజ్ కేక్‌లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిలెటిన్ ఉండొచ్చు. ప్యాకెట్ మీద పచ్చ గుర్తు ఉంటే జంతు జిలెటిన్ లేనట్టే. కానీ ఆ పచ్చ గుర్తు మద్యం సంగతి చెప్పదు. డిసెంబర్‌లో ప్లమ్ కేక్‌కు రమ్ములో నానబెట్టిన ఎండుద్రాక్ష వాడతారు, గుడ్డు వేయని కేకైతే పచ్చ గుర్తుతోనే అమ్మొచ్చు. "ఆల్కహాల్ వేశారా" అని సూటిగా అడగాల్సిందే.

రైల్లో భోజనం సంగతీ ఇదే. వందే భారత్‌లో టికెట్‌తో పాటే భోజనం ఎంచుకోమంటుంది, వెజ్ నొక్కండి.

ప్రశ్న: మా ఆయనకు పీతలంటే ప్రాణం. నేనేమో తినకూడదని విన్నాను. విశాఖ వెళ్లి పీతలు తినకుండా ఎలా అని ఆయన వాదన. – బి., కడప

జవాబు: మీ ఇద్దరి మధ్య తీర్పు చెప్పడం మా పని కాదు గానీ, మజ్‌హబ్‌ల (హనఫీ, షాఫయీ లాంటి ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల) మాట ఇలా ఉంది. హనఫీలకు సముద్ర జీవుల్లో చేప ఒక్కటే హలాల్. పీత, స్క్విడ్, లాబ్‌స్టర్ కావు. షాఫయీలకు స్క్విడ్, లాబ్‌స్టర్ తినొచ్చు, పీత విషయంలో మాత్రం వాళ్లలోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. హనఫీల్లో తగువంతా రొయ్య దగ్గర. హనఫీ ఉలమా (మత పండితులు)లోనే కొందరు దాన్ని చేపల లెక్కలో వేసి తినొచ్చంటారు, ఇంకొందరు మానుకోవడమే మంచిదంటారు. మీ ఇంట్లో ఎప్పటినుంచో ఏ మాట పాటిస్తున్నారో అదే పాటించండి.

ఇక ఆయనకు ఓదార్పు: వంజరం ముక్క పెనం మీద కాల్చింది, చందువ వేపుడు, పండుగప్ప పులుసు. ముళ్లు తీసుకోవడానికి బద్ధకించేవాళ్లకు వంజరమే సుఖం, మధ్య ముల్లు తప్ప పెద్దగా ఉండవు. పులుసు పొద్దున వండింది రాత్రికి బాగుంటుంది, వేపుడు మాత్రం చెప్పాక వేసిందే తినాలి. చేప బిర్యానీ అడిగితే అన్నం ఏ దమ్ములోదో మళ్లీ అడగాలి. పీతల కూర వండిన గరిటె చేపల పులుసులో పెట్టకుండా ఉండాలంటే, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, వడ్డించాక కాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు పెద్ద సముద్రపు చేప చాలావరకు ఐసుదే. చేపల కోసమే వచ్చేవాళ్లు ఆ రెండు నెలలు తప్పించండి.

ప్రశ్న: నమాజుకు చోటు దొరుకుతుందా? ఆడవాళ్లకు? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పాతనగరం, జగదాంబ వైపు మసీదులున్నాయి. ఆడవాళ్లకు విడిగా చోటు ఉన్నవి తక్కువ, దాన్ని నమ్ముకుని రోజు గీసుకోవద్దు. గదిలోనే చేసుకునేలా రోజును కట్టుకోండి. జొహర్‌కు (మధ్యాహ్నం నమాజుకు) గదికి తిరిగొస్తే మధ్యాహ్నం కునుకూ కలిసొస్తుంది. ఉత్తరం వైపు వెళ్లిన రోజు ఒక పల్చటి జానమాజు (నమాజు చాప), వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) కోసం అర లీటరు నీళ్ల సీసా బండిలో ఉంచుకోండి. సముద్రపు నీటితో వుజూ చెల్లుతుంది, ఇసుక అంటుకుని చిరాకు పెడుతుందంతే.

వేళలు మీ ఊరివి కావు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు విశాఖలో మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) సుమారు 20 నిమిషాల ముందే అవుతుంది. డిసెంబర్ మొదట్లో సూర్యుడు 5:25 లోపే వెళ్లిపోతాడు, జనవరి చివరికి 5:50 అవుతుంది. ఫోన్‌లో ఊరు మార్చుకోకపోతే కైలాసగిరి మీద ఉండగానే మగ్రిబ్ వేళ సగం గడిచిపోతుంది. కిబ్లా (నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు) పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. ఆర్కే బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టి నిలబడి కాస్త ఎడమకు తిరిగితే దాదాపు సరిపోతుంది. హోటల్ గదిలో దిక్సూచి యాప్ వాడేటప్పుడు మంచం ఇనుప చట్రానికి దూరంగా పట్టుకోండి, లేకపోతే సూది తప్పు చూపుతుంది.

దూరం నుంచి వచ్చి పదిహేను రోజుల లోపు ఉండే ముసాఫిర్‌కు (ప్రయాణికుడికి) హనఫీ లెక్కన జొహర్, అసర్ (సాయంత్రం), ఇషా (రాత్రి) నమాజుల్లో ఫర్జ్‌లు, అంటే తప్పనిసరి భాగాలు, నాలుగుకు బదులు రెండేసి రకాతులే (నమాజు ఆవృత్తులే). స్థానిక ఇమామ్ వెనక నిలబడితే మాత్రం పూర్తిగా నాలుగు. జుమా ప్రయాణికుడి మీద తప్పనిసరి కాదు.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పి. కొండల ఊరు కదా, వెళ్లి గదిలో కూర్చోవాలేమోనని భయం. – విశ్రాంత టీచరు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. తొట్లకొండ పైదాకా బండి వెళ్తుంది. 128 మీటర్ల ఎత్తున బౌద్ధ విహారం, స్తూపం పునాదులు, కింద సముద్రం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకా పేరు. 1988లో మొదలైన తవ్వకాలతో బయటపడింది. పైన నేల చదునే, కానీ నీడ తక్కువ, పదింటిలోపు వెళ్లండి. కైలాసగిరికి రోప్‌వే గానీ బండి గానీ. కురుసుర జలాంతర్గామి మాత్రం మీకు వద్దు, ఆ గుండ్రటి ద్వారాలు మోకాళ్లకు పరీక్షే. పోర్టు దగ్గరి మూడు కొండలు, రాస్ హిల్ చర్చి, వెంకటేశ్వరస్వామి కొండ, ఇస్హాక్ మదీనా దర్గా కొండ, పక్కపక్కనే ఉంటాయి. బండి ఎంతదాకా వస్తుందో, ఎన్ని మెట్లు మిగులుతాయో కింద కనుక్కుని ఎక్కండి. ఆ చుట్టుపక్కల నౌకాదళ ప్రాంతం ఉంది, బోర్డు ఉన్నచోట ఫోన్ జేబులోనే ఉండాలి.

ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక కాలు జారుస్తుంది. అంచున నిలబడి చూసి వచ్చేయండి. దిబ్బల మీదికి ఎక్కడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ తగదు, పాదం పెట్టినచోటల్లా ఆ మట్టి రాలుతుంది. వేల ఏళ్లు పట్టి ఏర్పడిన దిబ్బలవి.

ప్రశ్న: సముద్రంలో స్నానం చేయొచ్చా? బురఖాతో దిగితే ఇబ్బందా? – ఎన్., నిజామాబాద్

జవాబు: ఆర్కే బీచ్‌లో పాదాలు తడిసేదాకానే. అక్కడ నేల ఒక్కసారిగా లోతవుతుంది, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. యారాడ చూడటానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. దిగాలనే ఉంటే రుషికొండ. శుభ్రత, భద్రతలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం అది. అక్కడ కూడా లైఫ్‌గార్డులు హద్దు పెట్టినచోట మాత్రమే, పొద్దునపూట.

మునిగేవాళ్లలో చాలామందిని ముంచేది ఎత్తైన అల కాదు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒకచోట పాయలా కూడి వెనక్కి లాగుతాయి. విచిత్రమేమిటంటే, ఆ పాయ ఉన్నచోట అలలు విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, 'ఇక్కడ బాగుంది' అని అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు వచ్చి ఆ తర్వాత అలతో పాటు బయటికి రండి. ఈత రాకపోతే నడుము లోతు కూడా ఎక్కువే, మోకాలి దగ్గర ఆగండి.

నూలు బురఖా, చీర, జీన్స్ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. అల లాగినప్పుడు లేవలేకపోవడానికి సగం కారణం అదే. నైలాన్ బుర్కినీ (ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు) లేదా మోకాళ్ల కిందిదాకా వచ్చే పాలిస్టర్ కుర్తా, లెగ్గింగ్, బిగుతుగా కట్టే స్కార్ఫ్ మంచివి. పిన్నులు తీసేయండి. ముదురు రంగే తీసుకోండి, లేత రంగు తడిస్తే పారదర్శకమవుతుంది. శుక్రవారం రాత్రే రెండో జత సంచిలో పైన పెట్టుకుంటే బట్టలు మార్చే గదిలో తడబాటు ఉండదు.

ప్రశ్న: ఒక్కరోజులో అరకు వెళ్లి రాలేమా? – అదే ప్రశ్న ఏడుగురు అడిగారు

జవాబు: వెళ్లి రావచ్చు. విశ్రాంతి మాత్రం ఉండదు. దాదాపు 115 కిలోమీటర్లు, పొద్దున ఏడింటిలోపు రైలు, నాలుగు గంటలు, సొరంగాలు యాభైకి పైనే. సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేసరికి రాత్రి. రెండు రోజుల్లో ఒకటి పూర్తిగా రైలుకే ఇచ్చినట్టు. మూడు రాత్రులుంటే వెళ్లండి, అద్దాల బోగీ టికెట్లు ముందే అయిపోతాయి. అక్కడి బొంగు చికెన్ ఊరించేదే. నూనె చుక్క లేకుండా వెదురు గొట్టంలో నిప్పుల మీద కాలుతుంది. కానీ కోడిని కోసింది ఎవరో అడగాల్సిందే. నమ్మకం కుదరకపోతే కాఫీ తాగి వచ్చేయండి.

ప్రశ్న: నా భార్య ఆధార్‌లో ఇంకా వాళ్ల నాన్నగారి పేరు, పుట్టింటి చిరునామానే ఉన్నాయి. హోటల్ వాళ్లు గది ఇస్తారా? – ఎస్., కర్నూలు

జవాబు: ఇస్తారు. దంపతులమని పెళ్లి పత్రం చూపాలన్న చట్టం లేదు. ఇద్దరికీ ఫోటో ఉన్న అసలు గుర్తింపు కార్డు ఉంటే చాలు, ఒక్కరిది చూపించి రెండోవాళ్లది ఫోన్‌లో ఫోటో ఉందంటే ఒప్పుకోరు. అయినా కొన్ని చిన్న హోటళ్లు సొంత నియమాలు పెట్టుకుంటాయి. బుక్ చేసేముందు "చిరునామాలు వేరువేరుగా ఉన్నాయి, పర్వాలేదా" అని అడిగేయండి. నిఖానామా ఫోటో ఫోన్‌లో ఉంచుకుంటే రాత్రిపూట వాదన తప్పుతుంది.

'సీ వ్యూ' అన్న మాట మీద కూడా రెండు ప్రశ్నలు: ఎన్నో అంతస్తు, కిటికీ నుంచా, బాల్కనీ నుంచా? బాత్రూం కిటికీలోంచి సముద్రం కనిపించినా సీ వ్యూ అనే రాస్తారు. గదిలో మినీ బార్ ఉంటే ఖాళీ చేసి ఇమ్మని ముందే చెప్పండి.

ప్రశ్న: తెచ్చుకోదగ్గవేమిటి? – పి.ఆర్., మహబూబ్‌నగర్

జవాబు: మాడుగుల హల్వా. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, అంకుడు కర్రవి. ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో అడగండి. ఎండుచేపలు కొంటే పాలిథీన్ సంచి ఒకటి చాలదు: రెండు పొరలు కట్టి, పైన మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఏసీ బోగీలో సీటు కింద కాకుండా సంచి లోపల బట్టల మధ్య దాచండి. ఆ బట్టలు ఇంటికెళ్లగానే ఉతకాల్సినవే అయి ఉండాలి.